పన్ను రసీదు మీద నా పేరు చేరడానికి ఏడు నెలలు పట్టింది

మొన్న గురువారం ఇంటి పన్ను రసీదు మీద నా పేరు అచ్చయి చేతికి వచ్చింది. ఇల్లు కొని ఏడు నెలలయింది. ఈ ఏడు నెలల్లో నేను మునిసిపల్ కార్యాలయానికి పద్నాలుగు సార్లు తిరిగాను, తొమ్మిది సెలవులు పోగొట్టుకున్నాను. మనసులోని మంట చల్లారకముందే రాస్తే పాత ఇల్లు కొనాలనుకుంటున్న వారికి పనికివస్తుందని కూర్చున్నాను.

మేము నల్లగొండలో ఉంటాము. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, మా వారు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు వచ్చిపోతుంటారు. కూడబెట్టిన డబ్బుతో ప్లాటు కొందామని ఆయన అన్నారు. పాత ఇల్లు కొని, బాగుచేసి, కిరాయికి ఇద్దామని నేను పట్టుబట్టాను. అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్ల రిజిస్ట్రేషన్లను 2020 ఆగస్టులో ప్రభుత్వం నిలిపివేసిన తరువాత, మా దగ్గరి బంధువు ఒకరు క్రమబద్ధీకరణ కోసం కట్టిన వెయ్యి రూపాయల రసీదును పట్టుకొని ఏళ్ల తరబడి ఎదురుచూడడం నేను కళ్లారా చూశాను.

ఉమ్మడి జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో, 120 గజాల స్థలంలో, ముందు రెండు గదుల పెంకుటిల్లు, వెనుక రెండు గదుల స్లాబు ఉన్న ఇల్లు 18 లక్షలకు కుదిరింది. ప్రభుత్వ ఉద్యోగిని గనుక శాఖకు ముందే తెలియజేశాను. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం) తీయించాను, లింకు డాక్యుమెంట్లు, అంటే అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు చూశాను, బయానా ఇచ్చాను. స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 0.5 శాతం కలిపి 1,35,000 రూపాయలు కట్టాను. రిజిస్ట్రేషన్ ఒక పూటలో ముగిసింది.

మధ్యవర్తి మాత్రం దస్తావేజులో అసలు ధరకు బదులు, అంతకంటే తక్కువగా ఉండే ప్రభుత్వ విలువ రాయించి మిగతాది నగదుగా ఇమ్మని చివరి నిమిషం వరకు ఒత్తిడి చేశాడు. నేను ఒప్పుకోలేదు, అందుకు ఈ రోజుకూ గర్వపడుతున్నాను. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది, పుచ్చుకున్న వారికి అంతే మొత్తం జరిమానా పడుతుంది. పైగా రేపు మనం అమ్మేటప్పుడు కొన్న ధర కాగితం మీద తక్కువగా ఉంటే, లేని లాభానికి కూడా మనమే 12.5 శాతం పన్ను కట్టవలసి వస్తుంది. పది మందికి పాఠం చెప్పే వారు కూడా ఈ నగదు లెక్కకు తల ఊపడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

మరమ్మతుల సంగతి క్లుప్తంగా చెబుతాను. పెంకుటిల్లును పడగొట్టమని మేస్త్రీ చెప్పాడు. పడగొడితే కొత్త అనుమతి కావాలి, రోడ్డు వైపు ఖాళీ వదలాలి, ఖర్చు మా చేతికి అందదు. వాసాలన్నీ టేకువి, చెద పట్టినవి రెండే కావడంతో వాటిని మార్పించి కప్పును నిలుపుకున్నాము. మూడు లక్షలు అనుకున్నది నాలుగు లక్షల అరవై వేలయింది. ఎక్కువైన డబ్బంతా కంటికి కనిపించని చోటికే, అంటే మోరీకి, వైరింగుకు, స్నానాల గది కింద కారుతున్న పైపులకే పోయింది. పాత ఇంటిని వాన కురుస్తున్నప్పుడు ఒకసారి చూడనిదే బయానా ఇవ్వకండి. మరొక మాట: ఫ్లోరైడు నీటితో తరాల తరబడి నలిగిన జిల్లా మాది కాబట్టి, కిరాయికి వచ్చిన ప్రతి ఇల్లాలూ గదులు చూడకముందే నల్లా తిప్పి, కృష్ణా నీళ్లు వస్తాయా, బోరు నీళ్లేనా అని అడిగింది. రంగుల కంటే ముందు నల్లా కనెక్షనుకు ఖర్చు పెట్టడం నేను తీసుకున్న మంచి నిర్ణయం.

ఇక అసలు కథ పేరు మార్పిడిది. ఇంటి నంబరు, పన్ను లెక్క సరిగా ఉన్న ఆస్తులకు రిజిస్ట్రేషన్‌తోపాటే పేరు మారే పద్ధతి ఇప్పుడు ఉంది. మా ఇల్లు అలాంటిది కాదని నాకు తరువాత తెలిసింది. అమ్మినాయన, ఆయన అన్న 2009లో భాగపరిష్కారం రాసుకొని రిజిస్టరు చేయించుకున్నారు. కానీ పన్ను లెక్క మాత్రం చనిపోయిన తండ్రి పేరు మీద, మొత్తం ఇంటికి ఒకే నంబరుతో మిగిలిపోయింది. దస్తావేజులో నేను కొన్నది ‘ఇంటి నంబరులో తూర్పు భాగం’. ఈసీలో ఏ దోషమూ కనిపించలేదు, ఎందుకంటే ఈసీ చెప్పేది రిజిస్టరైన లావాదేవీల గురించే తప్ప పన్ను పుస్తకం గురించి కాదు.

మొదటి రోజు కిటికీ దగ్గర ఉన్న ఉద్యోగి నా కాగితాలను తెరవకుండానే, ‘సారును పంపండి మేడం, ఇవన్నీ మీకు అర్థం కావు’ అన్నాడు. దస్తావేజు నా పేరు మీద ఉందని చెప్పాను. ‘అయినా సారు వస్తేనే పని అయితది’ అన్నాడు. రెండవసారి వెళితే మొత్తం ఇంటి బకాయి, నెలకు 2 శాతం చొప్పున వడ్డీతో కలిపి 31,400 రూపాయలు కట్టాలన్నారు. పాత బకాయిల వడ్డీలో 90 శాతం మాఫీ చేస్తూ 2022లో ప్రభుత్వం అవకాశం ఇచ్చినప్పుడు అమ్మినాయన కట్టి ఉంటే ఈ భారం ఉండేదే కాదు. ఇప్పుడు ఆయన నా ఫోను ఎత్తడం లేదు.

నాలుగోసారికి ఫైలు కనిపించలేదు. ఆరోసారికి పెద్ద అధికారి గదిలోకి పిలిచారు. ఇరవై మంది నిలబడి ఉన్నారు. ఆయన తల ఎత్తకుండా, ‘అన్నదమ్ముల తగాదాలో దూరి అగ్గువకు కొట్టేసేవాళ్లను చాలా మందిని చూసినం. పెద్దన్న ఒప్పుకుంటలేడు, ముందు ఆయన సంతకం తెండి’ అన్నారు. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు నిజాయితీ గురించి చెబుతున్న నన్ను, చెమటోడ్చి కూడబెట్టిన డబ్బుతో పూర్తి ధర పెట్టి కొన్న నన్ను, అంత మంది ముందు దొంగను చేశారు. కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోమన్న వారు లేరు. జవాబు చెప్పబోతే నా గొంతు పూడుకుపోయింది. నల్లగొండ బస్సులో కిటికీ వైపు ముఖం తిప్పుకొని ఏడ్చాను. అక్కడ పనిచేసే వారికి ఆ రోజు గుర్తుండదు, నాకు మరుపు రాదు.

తరువాతి ఆదివారం నేనే పడమటి భాగంలో ఉన్న ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాను. డబ్బు అడుగుతాడేమోనని భయపడుతూ వెళ్లాను. ఆయన చాయ పెట్టించి, ‘నాకు తగాదా ఏం లేదు బిడ్డా. కాగితంల మా నాయిన పేరు కొట్టేస్తమన్నరు, మనసు ఒప్పలే. ఎందుకని ఎవరూ అడగలే’ అన్నాడు. తూర్పు భాగానికి మాత్రమే కొత్త నంబరు వస్తుందని, తన భాగం లెక్క తన తండ్రి పేరు మీదే ఉంచుకోవచ్చని వివరించగానే సంతకం చేశాడు. బకాయిలో సగం 15,700 రూపాయలు అడగకుండానే లెక్కపెట్టి ఇచ్చాడు. ‘పెద్దన్న ఒప్పుకోవడం లేదు’ అని నెలల తరబడి నాకు చెప్పిన వారు ఒక్క పూట ఆ గడప తొక్కి ఉంటే నా సెలవులు మిగిలేవి. మీరు ఇంటిలో ఒక భాగం కొంటున్నట్లయితే, బయానా ఇవ్వడానికి ముందే రెండో భాగం వారి ఇంట్లో కూర్చొని మాట్లాడండి, పన్ను రసీదు ఎవరి పేరు మీద ఉందో చూడండి.

సంతకం తెచ్చినా ఫైలు వెంటనే కదలలేదు. అప్పుడు నోటి మాటలు మానుకొని దరఖాస్తును ఇన్‌వర్డులో, అంటే కాగితాలు తీసుకొని నమోదు చేసే చోట ఇచ్చి ముద్ర వేయించుకున్నాను, ఫైలు ఎవరి దగ్గర ఎన్ని రోజులుగా ఉందో సమాచార హక్కు చట్టం కింద అడిగాను. జవాబుకు గడువు 30 రోజులు. పద్దెనిమిదవ రోజున కొలతలకు మనిషి వచ్చాడు. ఈ పని మొదటి నెలలోనే చేయవలసింది, ‘రేపు రండి మేడం’ అన్న మాటను నమ్మి ఆలస్యం చేశాను.

లెక్క కూడా దాచకుండా చెబుతాను. పన్ను బకాయి కాకుండా మొత్తం 23,95,000 రూపాయలు పెట్టాము. రెండు వాటాలకు కలిపి నెలకు 9,500 రూపాయల కిరాయి, అంటే ఏడాదికి 1,14,000 రూపాయలు వస్తుంది. ఒక నెల ఖాళీ, పన్ను, చిల్లర మరమ్మతులు తీసివేస్తే పెట్టుబడి మీద నాలుగు శాతం పైచిలుకు మాత్రమే. మునిసిపల్ పన్ను పోను మిగిలిన కిరాయిలో 30 శాతాన్ని బిల్లులు చూపకుండానే ఆదాయపు పన్ను లెక్కలో మినహాయించుకోవచ్చు, అదొక ఊరట. నెలనెలా ఆదాయమే ప్రధానమైతే బ్యాంకు డిపాజిటే మేలు. మేము ఆ గజాల కోసం, పదిహేనేళ్ల తరువాత మా అమ్మాయి కోసం కొన్నాము, కాబట్టి మాకు ఇది సరిపోతుంది. అప్పు తెచ్చి మాత్రం ఈ లెక్కతో ఎవరూ దిగవద్దు.

మధ్యవర్తి నిన్న మళ్లీ ఫోను చేసి మహబూబ్‌నగర్ వైపు ఇంకొక పాత ఇల్లు ఉందన్నాడు. ముందు పన్ను రసీదు పంపమన్నాను, ఇంకా పంపలేదు. ఇక్కడ కరెంటు మీటరు ఇప్పటికీ ఆ తండ్రి పేరు మీదే ఉంది. సోమవారం నేను, పెద్దాయన కలిసి కరెంటు ఆఫీసుకు వెళ్తున్నాము.