మానేసిన మాత్రల లెక్క

ఇప్పుడు దగ్గు లేదు, కఫంలో క్షయ క్రిమి లేదు, తూకంలో ముల్లు మళ్ళీ 50 కిలోలు చూపిస్తోంది. అందుకే ఇది రాసే ఓపిక వచ్చింది.

ఎండలు ముదరకముందే పట్టుకున్న దగ్గుకు మా పేట డాక్టరు సిరప్పు మీద సిరప్పు మార్చారు. సముద్రపు గాలి పడలేదన్నారు, పోర్టు నుంచి వచ్చే బొగ్గు ధూళి అన్నారు. విశాఖలో ఆ మాట ఎవరైనా నమ్ముతారు. కంచరపాలెంలో మా కిటికీ గట్టు మీద వేలు రాస్తే నల్లగా అంటుతుంది. బరువు తగ్గిపోతున్నానంటే ఆయన నవ్వారు. "జనం డబ్బులు కట్టి మరీ తగ్గుతున్నారమ్మా, మీకు ఉచితంగా వచ్చింది" అన్నారు. నేనూ నవ్వాను. దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయించాలని ప్రభుత్వ ఆసుపత్రుల గోడల మీదే రాసి ఉంటుంది. ఆ ఒక్క పరీక్ష రాసి ఉంటే మే నెలలో ఆ రాత్రి వచ్చేది కాదు.

మా ఆయనకు పోర్టులో రాత్రి డ్యూటీ. అత్తయ్య, బాబు నిద్రపోతున్నారు. ఉక్కపోతకు లేచి దగ్గాను, నోట్లో ఉప్పగా తగిలింది. లైటు వేసి చూస్తే వాష్ బేసిన్ నిండా ఎర్రగా ఉంది. ఫోను పక్కనే ఉంది. 108కి చేయవలసినదాన్ని నేనేం చేశానో తెలుసా? బాబు లేచి చూస్తాడేమోనని బేసిన్ కడిగాను. కడుగుతుంటే మళ్ళీ వచ్చింది, మళ్ళీ కడిగాను. యార్డులో గూడ్సు బండ్లు కలుపుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. ఈ రాత్రే నా చివరి రాత్రయితే ఇంట్లో ఎవరికీ తెలియనైనా తెలియదనిపించినప్పుడు అత్తయ్యను లేపాను. ఆవిడ బేసిన్ వంక చూసి, "ఏమీ లేదు కదే?" అంది. అంత శుభ్రంగా కడిగేశాను మరి!

తర్వాతదంతా త్వరగానే జరిగింది. పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రిలో సీబీనాట్ అనే కఫం పరీక్ష చేశారు. క్షయ అని తేలింది, దానికిచ్చే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమే. అప్పటి నా బరువుకు రోజుకు మూడు మాత్రలు, మొత్తం 6 నెలలు. ఇంట్లోవాళ్ళకూ పరీక్షలు చేశారు.

మాత్రలు మొదలైన కొన్నాళ్ళకు కడుపులో తిప్పడం మొదలైంది. పొద్దున పరగడుపున మింగడం, మధ్యాహ్నం దాకా వాంతులు. ఒక రోజు మానేశాను. ప్రాణం హాయిగా అనిపించింది, మర్నాడూ మానేశాను. మాత్రలు ఖాళీ బూస్టు సీసాలో పడుతున్నాయి. ఆశా కార్యకర్త వచ్చి అడిగితే "వేసుకున్నాను" అనేదాన్ని. రాత్రి పడుకున్నాక మాత్రం నన్ను నేను తిట్టుకునేదాన్ని. బడిలో పిల్లలకు సైన్సు చెప్పేదానివి, మందు మధ్యలో ఆపితే క్రిమి మొండికేస్తుందని తెలియదా అని. విచిత్రం ఏమిటంటే, అంత తిట్టుకున్నాక శిక్ష అనుభవించేసినట్టు ఉండేది. పొద్దున మాత్ర మళ్ళీ సీసాలోకే.

పట్టుబడింది మూత్రం రంగు దగ్గర. రిఫాంపిసిన్ వేసుకుంటే అది నారింజ రంగుకు తిరుగుతుంది. ఒకరోజు ఆశా కార్యకర్త మాటల మధ్యలో "రంగు ఎలా ఉందమ్మా?" అంది. "మామూలుగానే ఉంది" అన్నాను. ఆమె రాస్తున్న పెన్ను ఆగింది. "ఎన్నాళ్ళయింది మానేసి?" అంది. గొంతులో కోపం లేదు. బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు అడిగింది. సీసా తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఆమె లెక్కపెట్టి, కార్డులో రాసుకుని, మర్నాడే డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళింది. కాలేయం పరీక్ష మామూలుగా వచ్చాక మాత్రలు కొంచెం తిన్న తర్వాత వేసుకోమన్నారు, పోయిన మోతాదులు చివర్లో కలిపారు. అంతే. ఇంత చిన్న పరిష్కారానికి నేను అన్ని అబద్ధాలాడాను.

ఆ రోజు నుంచి గోడ కేలండరులో జరిగింది జరిగినట్టు రాసుకున్నాను. "ఆలస్యంగా వేసుకున్నాను." "అన్నం మానేశాను." "బాబును ఊరికే కసిరాను." బుద్ధిలేనిదాన్ని, పాపిష్టిదాన్ని లాంటి మాటలు రాయకూడదని నియమం పెట్టుకున్నాను. కసిరినందుకు తప్పయిందని వాడితో అంటే, "నేను లెక్కల పరీక్ష మార్కులు చెప్పలేదమ్మా" అన్నాడు వాడు. ఇద్దరి లెక్కా తేలింది.

మందులు వాడుతున్నవాళ్ళకు ఒక్క మాట. వాంతులవుతుంటే ఆ రోజే చెప్పండి. కళ్ళు పచ్చబడితే అసలు ఆగవద్దు. మానేసి ఉంటే మానేశామనే చెప్పండి, తిట్టేవాళ్ళు ఎదురైతే తిట్టనివాళ్ళను వెతుక్కుని మరీ చెప్పండి.

నన్ను నేను క్షమించుకున్నాను కదా, ఆ డాక్టరునూ వదిలెయ్యమంటుంది మా అక్క. నేను నా తప్పు ఒప్పుకున్నాను, ఆయన ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఆ వీధిలోకి వెళ్ళను.

అత్తయ్య మీద మాత్రం కోపం నిలవదు. మొదట్లో నా కంచం, గ్లాసు వేరు పెట్టింది. రెండు వారాలు మందు పడితే అంటించే గుణం బాగా తగ్గిపోతుందని డాక్టరమ్మ చెప్పినా వినలేదు. కానీ గుడ్డు వాసనే పడని మనిషి, పోషణ కోసం ప్రభుత్వం నెలకు ఇచ్చే వెయ్యి రూపాయలతో గుడ్లు తెప్పించి, ముక్కుకు కొంగు కట్టుకుని రోజూ ఉడకబెట్టింది.

మార్గశిర గురువారం నాడు బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గరకు మొక్కు తీర్చడానికి తీసుకెళ్ళిందీ ఆవిడే. "మా కోడలు ఒక్క పూట తప్పకుండా మందులు వేసుకుంది తల్లీ" అని క్యూలోనే మొదలుపెట్టింది.

"మధ్యలో మానేశాను అత్తయ్యా" అన్నాను.

"ఆవిడకు తెలుసులే, ముందుకు జరుగు, సందు ఇస్తే దూరిపోతున్నారు" అంది.