మిసిసిపీలో లాకులు, బార్జిలు, మధ్యలో మా బుల్లి బోటు

సొంత బోటులో అమెరికాలో మిసిసిపీ నది మీద వెళ్ళడమంటే గాలికి జుట్టెగరేసుకుంటూ దూసుకుపోవడమే అనుకుంటారు చాలామంది, ముందే చెప్తున్నా, బోలెడు టైం లాకుల దగ్గర పడిగాపులకే పోతుంది. లాకు అంటే రెండు వైపులా గేట్లున్న నీటి గది, అందులో నీళ్ళు నింపో వదిలో పడవని పైకో కిందికో చేరుస్తారు. అయినా నాకు బాగా నచ్చింది ఆ పడిగాపులే.

మా బావ బోటులో విస్కాన్సిన్‌లో లా క్రాస్ నుంచి అయోవాలో డుబ్యూక్ దాకా దిగాం, దారిలో 8 నుంచి 11 నంబరు దాకా నాలుగు లాకులు. బార్జిలకి, అంటే సరుకులు మోసే పెద్ద చదును పడవలకి, కనీసం 9 అడుగుల లోతుండాలని 1930ల్లో నదిలో ఈ ఎగువ భాగాన్ని ఆనకట్టలతో మెట్లు మెట్లుగా చేసేశారు, నడిపేది ఆర్మీ ఇంజినీర్లు. ఇండియా నుంచి వచ్చిన మా నాన్న కూడా ఉన్నారు, "మన ధవళేశ్వరం లాకుల్లాంటివే కదా అల్లుడుగారూ, టికెట్టెంత?" అన్నారు. "ఫ్రీ మావయ్యగారూ" అంటే అస్సలు నమ్మలేదు.

లాకు గోడ చివర ఒక తాడు వేలాడుతుంటుంది, అది లాగినా, రేడియోలో 14వ ఛానల్లో పిలిచినా లోపలివాళ్ళకి తెలుస్తుంది. గ్రీన్ లైట్ పడ్డాక మెల్లగా లోపలికెళ్తే పైనుంచి తాళ్ళు వదుల్తారు. పట్టుకోవాలి, కట్టకూడదు. నీళ్ళు దిగేకొద్దీ తాడు వదుల్తూ ఉండాలి, కట్టేశామా బోటు గోడకి వేలాడుతుంది. నాచు పట్టిన గోడ పైకి పోతున్నట్టుంటుంది, తాడంతా తడి, బురద వాసన, నాన్న మాత్రం గ్లవ్స్ కూడా లేకుండా ఒక చేతి మీంచి ఇంకో చేతికి మార్చుకుంటూ ఎంత తీరుబడిగా వదిలారో. పది అడుగులు అటూ ఇటుగా దిగాక కింద గేట్లు తెరుచుకుంటాయి, అంతే.

అసలు కథ జెనోవా దగ్గర 8వ లాకులో. మా ముందు ఒక టో ఉంది, అంటే 15 బార్జిల్ని మూడేసి వరసలో కట్టి వెనక నుంచి ఒక పడవ నెట్టుకొస్తుంది. లాకు పొడవు 600 అడుగులే, అందుకని ముందు 9 బార్జిల్ని విప్పి దింపుతారు, మళ్ళీ నీళ్ళు నింపి మిగతా 6 బార్జిల్నీ పడవనీ దింపుతారు, కింద మళ్ళీ కట్టుకోవాలి, గంటన్నర పైనే. వరసలో మనలాంటి షికారు బోట్లు ఆఖరు. బావకి చిరాకొచ్చింది గానీ నాకైతే న్యాయమే అనిపించింది, ఆ లాకులు కట్టిందే మొక్కజొన్న, సోయా మోసే వాళ్ళకోసం, మనం పిలవకుండా వచ్చిన చుట్టాలం. పైగా మూడు లాకేజీలు (అంటే లాకులో మూడు విడతలు) పట్టేంత సేపట్లో మనల్ని దించలేకపోతే విడిగా వదలాలని రూలు కూడా ఉంది.

లాకుల మధ్య మాత్రం హాయి. రెండు పక్కలా కొండలు, తెల్ల పెలికన్లు, ప్రెయిరీ డు షీన్ దాటాక విస్కాన్సిన్ నది వచ్చి కలిసే చోట ఇసుక మేటలు. కిందికి వెళ్ళేటప్పుడు ఎర్ర బాయ్‌లు, అంటే దారి గుర్తుగా నీళ్ళమీద తేలేవి, ఎడమ పక్కనుండాలి, ఆ గీత దాటి షార్ట్‌కట్లు కొడదామనుకోకండి, ప్రవాహాన్ని మధ్యకి తొయ్యడానికి పాతకాలంలో పేర్చిన రాళ్ళ గట్లు నీళ్ళకింద ఇప్పటికీ ఉన్నాయి, ప్రొపెల్లర్ పోతుంది.

డుబ్యూక్‌లో దిగాక నాన్న మళ్ళీ నీళ్ళమీదే వెనక్కి పోదాం అన్నారు. ఎదురెళ్తే ఇంకెంత పెట్రోలు తాగుతుందో బావ లెక్క చెప్పాడు, నోరు మూసుకుని ముగ్గురం బోటుని ట్రైలర్ ఎక్కించాం.