కనురెప్ప మీద చీర అంచు

ఆదివారం పొద్దున ఏడింటికి మా మేనల్లుడు అక్కవాళ్ల మిద్దె మీద, గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని నిలబడ్డాడు. పదకొండున్నర దాకా వాణ్ని కదలనివ్వలేదు.

అనంతపురంలో పెళ్లిళ్ల ఫోటోలు తీసే నాకు, చైనా కళాకారుడు లియూ బోలిన్ ఫోటోలు చూసినప్పటి నుంచి, మనిషిని వెనకున్న బొమ్మలో కలిపేసి ఫోటో తీయాలని ఒకటే ధ్యాస. 2005లో బీజింగ్‌లో కళాకారులుండే సువో జియా గ్రామాన్ని కూల్చేశారు. ఆయన ఆ శిథిలాల ముందు నిలబడి, వెనక ఏముందో అదే ఒంటి మీద పూయించుకుని అందులో కలిసిపోయాడు. సహాయకులు గంటల తరబడి రంగులు వేస్తారు, ఆయన కదలడు. ఇలాగే పేరున్న చిత్రాల్లో మనుషుల్ని కలిపేసి తీసే ఫోటోలూ ఉన్నాయి. మనకు లేపాక్షి ఉంది కదా అనిపించింది.

వీరభద్రస్వామి గుడి పైకప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మలు. చీరలు కట్టిన ఆడవాళ్లు వరసగా, ముఖాలు పక్కకు తిప్పి, నల్లటి గీతల్లో. గుడిలో రంగు డబ్బా తెరిచే మాటే లేదు కాబట్టి ఆ బొమ్మను ముందు మిద్దె మీద మెట్లగది గోడకు ఎక్కించాలి. ఫ్లెక్సీ వేయిద్దామన్నాను. "ఎండకు మెరుస్తాదప్పా, నేనే గీస్తా" అన్నాడు పెయింటర్ అన్న. ఒకప్పుడు మా బజారులో సగం బోర్డులు ఆయన చేతివే. నాలుగు రోజులు గీశాడు.

మేనల్లుడికి పాత తెల్లచొక్కా వేసి, దాని మీద యాక్రిలిక్ రంగులు, ముఖానికి, మెడకు నాటకాలవాళ్లు వాడే మేకప్ రంగులు వేశాం. కెమెరా స్టాండ్ కదలకుండా బిగించి, స్క్రీన్‌లో చూస్తూ "కొంచెం పైకి, ఇంకొంచెం" అని నేను చెబుతుంటే అన్న గీస్తున్నాడు. ఒక చీర అంచు గోడ మీంచి వచ్చి, చెవి దాటి, బుగ్గ మీదుగా కనురెప్ప ఎక్కి, మళ్లీ గోడ మీదికి దిగాలి. దగ్గర నుంచి చూస్తే ముక్కు కాడ ఆ గీత మెట్టులా విరిగి ఉంది. కెమెరాలోంచి చూస్తే తిన్నటి గీత.

గీతలు కలిసినా మనిషి కనిపిస్తూనే ఉన్నాడు. కారణం నీడ. అమెరికాలో అలెక్సా మీడ్ అనే చిత్రకారిణి మనుషుల మీద వెలుగునీడల్ని రంగులతోనే వేసి, వాళ్లను చిత్రపటంలా చేసేస్తుంది. మేమేమో ఉన్న నీడను రంగుతో చెరపాల్సి వచ్చింది. అన్న ముక్కు కింద, గడ్డం కింద అదే ఎర్రమట్టి రంగును తెలుపు కలిపి పలచగా వేసి, వెలుగు పడే ముక్కు కొస మీద ముదురు చేశాడు. ఎండ జరిగే కొద్దీ నీడా జరుగుతుందని నాకు తట్టలేదు. చివరికి పైన దుప్పటి కట్టాం. అప్పటికే చెమటకు మెడ మీద రంగు చిట్లింది, మళ్లీ వేశాం.

ఇదంతా కంప్యూటర్‌లో రెండు నిమిషాల పని అని తెలుసు. కానీ ప్రీ వెడ్డింగ్ షూట్లకు ఎన్నిసార్లు లేపాక్షి పోయానో! ఆ బొమ్మల్లో నీలం దాదాపు లేదని, అన్న రంగులు కలుపుతూ చెప్పేదాకా నేను చూడలేదు.

ఫోటో చూపిస్తే అన్న, "చెవి కాడ పెద్దది చేయి" అన్నాడు. నూలుపోగంత తేడా ఉంది. "వచ్చే ఆదివారం ఇంకోసారి చేద్దాం" అన్నాడు. ఆ గోడకు అప్పుడే సున్నం కొట్టించొద్దని అక్కకు చెప్పాను.