స్టీవెన్స్ పాస్ కొండల్లో అవలాంచ్ కోర్సు: నా అనుభవం

సియాటిల్ చుట్టుపక్కల మనవాళ్ళలో స్కీయింగ్ పట్టుబడినవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. లిఫ్టు ఎక్కి రిసార్టు హద్దుల్లో జారడం ఒక ఎత్తు. స్కీల అడుగున స్కిన్లు (ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా పట్టునిచ్చే పట్టీలు) అతికించుకుని, లిఫ్టు లేని కొండను సొంత కాళ్ళతో ఎక్కి, ఎవరూ తొక్కని మంచులో దిగడం ఇంకో ఎత్తు. రిసార్టులో అయితే ప్రమాదంగా కనిపించే మంచును సిబ్బంది తెల్లారేసరికే పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేస్తారు. బ్యాక్‌కంట్రీలో, అంటే రిసార్టు హద్దులు దాటిన కొండల్లో, ఆ పని చేసిపెట్టేవాళ్ళు ఉండరు. అందుకే మా ఆవిడ ఒకటే మాట అంది: "ముందు కోర్సు చెయ్. తర్వాతే కొండలు."

మాది నలుగురి బ్యాచ్. అందరిలో పెద్దాయన్ని అన్నా అని పిలుస్తాం, మాకు స్కీయింగ్ నేర్పింది ఆయనే. అందరిలో చిన్నోడు వరంగల్ నుంచి ఎమ్మెస్‌కి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో చేరాడు. నలుగురం కలిసి, అవలాంచ్‌ల (కొండవాలు మీంచి ఒక్కసారిగా జారిపడే మంచు) గురించి నేర్పే ఏఐఏఆర్‌ఈ అనే అమెరికన్ సంస్థ లెవెల్ 1 కోర్సులో చేరాం. మూడు రోజుల చదువు, అందులో ఎక్కువ భాగం మంచులోనే. బీకన్ (మంచులో కూరుకుపోయినవాళ్ళని వెతకడానికి సిగ్నల్ పంపే, అందుకునే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), పార ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. అన్నీ కలిపి ఖర్చు బాగానే తేలింది.

అవలాంచ్ అంటే పైనుంచి మంచు పొడిపొడిగా రాలిపడటం అనే నా ఊహ మొదటి గంటలోనే పోయింది. స్కీయర్లను చంపేది ఎక్కువగా పలకలా విరిగే మంచు. ఏటవాలు రేకుల కప్పు మీద ఇసుక చల్లి, దానిమీద పెద్ద నాపరాయి పరిచినట్టు ఊహించుకోండి. ఆకాశం తేటగా ఉన్న రాత్రులు మంచు ఉపరితలం మీద సన్నటి రెక్కల్లాంటి స్ఫటికాలు ఏర్పడతాయి. చూడటానికి భలే మెరుస్తాయి. తర్వాత కురిసిన మంచు వాటిని పూడ్చేస్తుంది గానీ వాటికి పట్టు ఉండదు. మనిషి బరువుకి ఆ పలుచని పొర ఒక్కచోట నలిగితే చాలు, ఆ పగులు వాలంతా పాకుతుంది, పై పలక మొత్తం కదులుతుంది. ఇలా చనిపోయినవాళ్ళలో దాదాపు 90 శాతం కేసుల్లో ఆ మంచును కదిలించింది వాళ్ళో, వాళ్ళతో ఉన్నవాళ్ళో. ఇది ఎక్కువగా జరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. స్కీయింగ్‌కి మజా ఉండేదీ ఆ వాలే మరి.

నన్ను నిజంగా భయపెట్టింది మాత్రం సైజుల పట్టిక. డి1 నుంచి డి5 దాకా ఉంటుంది, ఒక్కో మెట్టుకి మంచు బరువు ఇంచుమించు పది రెట్లు. డి2 అంటే వంద టన్నులు, మనిషిని పూడ్చి చంపడానికి అది చాలు. డి3 వెయ్యి టన్నులు, కారును నుజ్జు చేస్తుంది, చిన్న చెక్క ఇంటిని కూల్చేస్తుంది. డి4 రైలు పెట్టెలను ధ్వంసం చేస్తుంది. అయిదులో మూడు అంటే ఏదో మధ్యస్తం అని మన బుర్ర లెక్క వేసుకుంటుంది. మనిషి ఒంటికి మాత్రం రెండు దాటాక మిగతా అంకెలన్నీ ఒకటే.

రైలు పెట్టెలు అనగానే అన్న వెల్లింగ్టన్ సంగతి ఎత్తాడు. మేం కోర్సు చేస్తున్న స్టీవెన్స్ పాస్ అనే కనుమ పక్కనే ఉండేది ఆ ఊరు. 1910లో మంచు తుఫాను వల్ల రెండు రైళ్ళు రోజుల తరబడి అక్కడే నిలిచిపోయాయి. పై వాలు మీది చెట్లు అప్పటికే కార్చిచ్చుకి పోయాయి. మార్చి 1 తెల్లవారుజామున, ఉరుములు, వాన మధ్య ఆ వాలు మీది మంచంతా దిగి రెండు రైళ్ళనూ టై నది లోయలోకి తోసేసింది. 96 మంది పోయారు. అమెరికాలో ఇంతమందిని పొట్టనబెట్టుకున్న అవలాంచ్ మరొకటి లేదు. ఎండాకాలంలో ఐరన్ గోట్ ట్రెయిల్ మీద నడిస్తే, ఆ తర్వాత కట్టిన కాంక్రీటు స్నోషెడ్ (పట్టాల మీద మంచు పడకుండా కట్టిన కప్పు) ఇప్పటికీ కనిపిస్తుంది. మేం పిల్లల్ని తీసుకుని ఎన్నోసార్లు నడిచిన దారే అది.

రెండో రోజు వెతుకులాట. మంచులో పాతిన సంచిలో ఒక బీకన్ ఉంటుంది. మన బీకన్‌ని వెతికే మోడ్‌లోకి మార్చి, దాని మీద దూరం చూపే అంకె తగ్గే దిశగా పోవాలి. దగ్గరికొచ్చాక మంచుకి ఆనించి నెమ్మదిగా కదపాలి. ఎక్కడ అంకె అన్నిటికన్నా తక్కువో అక్కడి నుంచి పాతిక సెంటీమీటర్ల ఎడంతో ప్రోబ్ గుచ్చుకుంటూ పోవాలి. ఫోన్ దగ్గరుంటే బీకన్ తికమకపడుతుంది, దాన్ని దూరం పెట్టాలి. ఇదంతా సాధనతో వచ్చేస్తుంది. తవ్వడమే నరకం. ఆగిపోయిన అవలాంచ్ మంచు గట్టిగా బిగుసుకుపోతుంది, మీటరు లోతున ఉన్న మనిషిని బయటికి తియ్యాలంటే టన్నుకి పైగా ఎత్తిపోయాలి. అవతల ఊపిరి లెక్క నిమిషాల్లో ఉంటుంది. మొదటి పది పదిహేను నిమిషాల్లో తీస్తే బతికే అవకాశం బాగా ఎక్కువ, అరగంట దాటితే మూడోవంతుకి పడిపోతుంది.

అప్పుడు చిన్నోడు సియాచిన్ గురించి అడిగాడు. 2016 ఫిబ్రవరిలో మద్రాస్ రెజిమెంట్ జవాన్లు పదిమంది అవలాంచ్ మంచు కింద కూరుకుపోయారు, వాళ్ళలో ఒకరిది మన కర్నూలు జిల్లా. హనుమంతప్ప ఒక్కడే ఆరోరోజున ప్రాణాలతో దొరికి, తర్వాత ఆసుపత్రిలో కన్నుమూశాడు. అదెలా సాధ్యమని వాడి ప్రశ్న. టెంటు వల్ల చుట్టూ కాస్త గాలి మిగలబట్టి అన్నాడు ఇన్‌స్ట్రక్టర్, స్కీయర్‌కి ఆ జాగా ఉండదు. పైగా ఉత్తర అమెరికాలో చనిపోయేవాళ్ళలో ఇంచుమించు నాలుగోవంతు మందికి ఊపిరాడకపోవడం దాకా రాదు, చెట్లకీ బండలకీ కొట్టుకునే పోతారు. వాళ్ళ మెడలో ఎంత మంచి బీకన్ ఉన్నా ఒకటే. ఈ మాట సామాన్లు అమ్మే షాపుల్లో పెద్దక్షరాలతో రాయాలి.

మూడో రోజు కొండ మీదికి. నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ ముందురోజు సాయంత్రం ఇచ్చిన ఫోర్‌కాస్ట్ "కన్సిడరబుల్", అయిదు ప్రమాద స్థాయుల్లో మూడోది. మనిషి కదిలిస్తే కూలడానికే ఎక్కువ అవకాశం అని దాని అర్థం. మంచు పొరలకి పట్టు ఎంత ఉందో చూడటానికి గుంట తవ్వి, 30 సెంటీమీటర్ల చదరపు మంచు స్తంభం చెక్కి, పైన పార పెట్టి తట్టాం: మణికట్టుతో పది, మోచేతితో పది, భుజంతో పది. మోచేతి దెబ్బలు పూర్తికాకుండానే పైభాగం కోసినట్టు విడిపోయి ముందుకు జారింది. ఎదురు కొండ మీద, నిటారుగా ఉన్న వాలులో, ఎవరో దిగిన జాడలు తాజాగా ఉన్నాయి. "వాళ్ళు దిగారుగా" అన్నాడు మాలో ఒకడు. వాళ్ళు దిగినప్పుడు కూలలేదు, ఆ జాడ చెప్పేది అంతే అన్నాడు ఇన్‌స్ట్రక్టర్. చెట్ల మధ్య, 30 డిగ్రీల లోపు వాలులోనే దిగాం.

2012 ఫిబ్రవరి 19న ఈ స్టీవెన్స్ పాస్‌లోనే, టన్నెల్ క్రీక్ వైపు దిగిన గుంపు కథ కూడా అక్కడే చెప్పారు. అందరూ ఆరితేరినవాళ్ళు, ముగ్గురు చనిపోయారు. మిగిలినవాళ్ళలో కొందరికి ముందే అనుమానం ఉందట, అంతమంది నిపుణుల మధ్య నోరు విప్పలేదట. వినగానే నేను చిన్నోడి వైపు చూశాను. మనకి ఇది ఇంకా కష్టం. "అన్నకి తెలీదా" అనుకుని ఊరుకోవడం మర్యాద అని పెరిగాం. కోర్సు నియమం ఏమిటంటే, ఒక్కరు వద్దన్నా అందరూ వెనక్కి తిరగాలి, కారణం చెప్పనక్కర్లేదు. కాగితం మీద బాగుంది. అన్న ముందు "వద్దు" అనడానికి మాత్రం చిన్నోడికి నోరు రాదని మా అందరికీ తెలుసు, ఆ సంగతి అన్నే తిరుగు ప్రయాణంలో కారులో ఎత్తాడు.

ఇప్పుడు సాయంత్రం ఫోర్‌కాస్ట్ రాగానే వాట్సాప్ గ్రూపులో ముందు చిన్నోడు రాస్తాడు, తర్వాత మేమిద్దరం, అన్న ఆఖర్న. ఈ క్రమం పెట్టింది ఆయనే. కిందటి నెలలో మంచి మంచు పడిన ఒక శుక్రవారం చిన్నోడు "నాకు ఎందుకో వద్దనిపిస్తోంది" అని పెట్టాడు. అన్న గంటసేపు ఏమీ రాయలేదు. తర్వాత రిసార్టు టికెట్ల లింకు పంపి, "తలా ఒకటి కొనుక్కోండి, అక్కడ క్యూలో మాత్రం నన్ను తిట్టొద్దు" అన్నాడు.