శ్రీశైలం నడకలో మొదటి నాలుగు రాత్రులు

పోయిన శివరాత్రికి నేనూ మా మేనత్తా దేవరకొండ నుంచి శ్రీశైలం నడిచిపోయాం. అత్తమ్మకు 58 ఏళ్లు, ఆమెకు అది పదకొండోసారి. నాకు మొదటిది. బయలుదేరే ముందు వారమంతా నాకు బూట్లా చెప్పులా, బ్యాగు బరువు ఎంత, రోజుకు ఎన్ని కిలోమీటర్లు అన్న టెన్షనే. అత్తమ్మ ఒక్కటే అడిగింది. "మొదటి రాత్రి ఏడ పందాం బిడ్డా?"

"డిండి చేరినంక చూద్దాం అత్తమ్మా" అన్నాను.

"చేరకపోతే?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాం. పదింటిదాకా ఎంత హాయిగా నడిచామో చెప్పలేను. బత్తాయి తోటల పక్క నుంచి చల్లగాలి, ఇరుముడితో ముందు పోతున్న శివస్వాముల మాటలు. పన్నెండు దాటాక ఎండ ముదిరింది. మూడింటికల్లా కుడికాలి చిటికెనవేలి మీద బొబ్బ లేచింది. అయినా చీకటి పడేలోగా డిండి చేరాలని నా పట్టు. అత్తమ్మ మాత్రం రోడ్డు పక్క తండా కనబడగానే ఆగిపోయింది.

ఆమె సరాసరి గుడికి పోలేదు. ముందు బోరింగు దగ్గరికి పోయి కాళ్లు కడుక్కుంది, నీళ్లు తాగింది, అక్కడి ఆడవాళ్లతో మాట కలిపింది. ఎక్కడి నుంచి వస్తున్నాం, ఎవరి పిల్లలం, ఏం మొక్కు, అన్నీ చెప్పింది. పావుగంటలో వాళ్లే సేవాలాల్ గుడి అరుగు ఊడ్చి చూపించారు. అప్పుడు అత్తమ్మ చుట్టూ తిరిగి చూసింది. వీధి లైటు ఏ స్తంభానికి ఉంది, రాత్రి లేస్తే బాత్రూంకు ఎవరింటికి పోవాలి, ఊరి కుక్కలు ఎక్కడ పడుకుంటున్నాయి. "కుక్కలు పండిన కాడ చలిగాలి కొట్టదు బిడ్డా" అంది. నిజంగానే ఆ గోడ వారన దుప్పటి ఒక్కటే సరిపోయింది.

ఇంకో సంగతి కూడా ఆ రాత్రే చెప్పింది. శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి. అంటే ఆ ముందు రోజుల్లో చంద్రుడు పొద్దుపోయాకే వస్తాడు. సాయంత్రం చీకటి చిక్కగా ఉంటుంది. కాబట్టి పడుకునే చోటు వెలుగుండగానే చూసుకోవాలి. చీకట్లో తలుపు కొట్టే మనిషిని చూస్తే ఎంత మంచివాళ్లకైనా భయమే కదా.

రెండో రోజు డిండి. చెరువు కట్ట ఎక్కగానే నా కాళ్ల నొప్పి సగం పోయింది. అంత నీళ్లు, ఆ నీళ్ల మీద పొద్దు గూకడం. ఇక్కడే పందాం అని పట్టుబట్టాను. అత్తమ్మ ఒకసారి వద్దంది, తర్వాత నా ముఖం చూసి ఊరుకుంది. తాటిపత్రి పరిచాం. పదింటికి నీళ్ల మీది నుంచి గాలి మొదలైంది. పన్నెండింటికల్లా దుప్పటి తడితడిగా అయింది. దోమలు సరేసరి. చివరికి అన్నీ చుట్టుకుని రోడ్డు మీదికి వచ్చి, అన్నదానం చేసే టెంటులో చోటు అడిగాం. వంట చేసే అన్న బియ్యం బస్తాలు జరిపి జాగా ఇచ్చాడు. అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ పొద్దున ఆమె మోకాలు వంగలేదు. అరగంటసేపు నూనె రాస్తూ కూర్చున్నాను. నా ముచ్చట కోసం ఆమె మోకాలు నొప్పి పెట్టిందని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే మూడో రోజు ఉమామహేశ్వరం కొండ కిందికి చేరాక, పైన గుడి దగ్గర పడుకోవాలని ఎంత ఉన్నా అడగలేదు. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు దాన్ని. పెద్ద రాతి చరియ కింద గుడి, రాళ్ల సందుల్లోంచి ఊరే పాపనాశనం నీళ్లు. కింద రంగాపూర్‌లోనే పడుకున్నాం. తెల్లవారి నేనొక్కదాన్నే పైకి పోయి, ఆ నీళ్లు ఒక సీసాలో పట్టుకొచ్చి ఆమెకిచ్చాను.

నాలుగో రోజు నడక తక్కువే. మధ్యాహ్నానికే మన్ననూరు చేరి ఆగిపోయాం. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అడవి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరుదాకా చెక్‌పోస్టు దగ్గర బండ్లు ఆపేస్తారు. ఈసారి చోటు వెతికే పని అత్తమ్మ నాకే అప్పజెప్పింది. ముందు నల్లా చూశాను. తర్వాత లైటు. తర్వాత, ఆడవాళ్లు ఎక్కువున్న స్వాముల గుంపొకటి చూసి, వాళ్ల పెద్దమ్మను అడిగాను. "రా బిడ్డా, మీ అత్తను నడిమిట్ల పండబెట్టు" అంది. పడుకునే ముందే ఆమెతో మాట్లాడి, అడవిలో వటవర్లపల్లి ఒక రాత్రి, దోమలపెంట ఒక రాత్రి అనుకున్నాం. ఆ రెంటి మధ్యలో చీకటి పడనివ్వొద్దని కూడా.

పొద్దున ఆరింటికి గేటు ఎత్తారు. బండ్లన్నీ పోయేదాకా ఆగాం. అత్తమ్మ మోకాలు రెండుసార్లు వంచి చూసుకుని, "పా" అంది.