ఇరవై నంబరు వీసా మీద విన్న పాటలు

ఇరవై నంబరు వీసా మీద కువైట్ వెళ్లినవాడికి, అంటే ఇంటి డ్రైవరుకి, కారులో ఏ పాట మోగాలో చెప్పే హక్కు ఉండదు. స్టీరింగు మనది, రేడియో మేడమ్‌ది. మా మేడమ్ పుట్టిల్లు లెబనాన్. లెబనాన్, సిరియా, జోర్డాన్ మనుషులకి పొద్దున్న కాఫీ గొంతు దిగాలంటే లెబనాన్ గాయని ఫైరూజ్ పాట వినబడాలి. అక్కడి రేడియోలవాళ్లు కూడా ఉదయం పూట ఆమెనే వేస్తారు. పిల్లల్ని స్కూల్లో దింపి, ఆవిణ్ని ఆఫీసుకి చేర్చేలోపు రోజూ అవే పాటలు. మాటలు అర్థం కాకముందే రాగాలు నా నోటికొచ్చేశాయి.

మా మలికిపురం, రాజోలు, సఖినేటిపల్లి వైపు ఏ వీధిలో చూసినా గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు తగులుతారు. దుప్పట్లు తెస్తారు, సెంట్లు తెస్తారు, పాలపొడి డబ్బాలు తెస్తారు, కూతురికి బంగారం తెస్తారు. పాటలు తెచ్చినవాళ్లని మాత్రం నేను చూడలేదు. మా పిన్ని సగం వయసు కువైట్‌లోనే గడిపింది, అరబ్బీ గడగడా మాట్లాడుతుంది. ఒక్క పాటైనా గుర్తుందా పిన్నీ అంటే, "వంటింట్లో నాకు పాటలు వినే తీరిక ఎక్కడేడిసిందిరా" అంది. న్యాయమే. ఆ తీరిక డ్రైవర్లకి ఉంటుంది. సూపర్ మార్కెట్ బయట, ఆసుపత్రి బయట, పెళ్లి హాలు బయట, మా ఉద్యోగంలో సగం ఎదురుచూడటమే. అలా కూర్చున్నప్పుడు ఫోన్లో ఈ పాటల వెనక కథలు వెతుక్కునేవాణ్ని. అర్థం కానివి పక్క కారు ఈజిప్టు డ్రైవరు చెప్పేవాడు, సగం అరబ్బీలో, సగం చేతులతో.

మనవాళ్లకి అరబ్బు పాటంటే 'దీదీ'. 1992లో వచ్చిన ఆ పాట నా చిన్నప్పుడు మా తీర్థాల్లో మైకుసెట్ల మీద కూడా మోగేది. పాడిన ఖాలెద్‌ది అల్జీరియాలో ఒరాన్ అనే రేవు పట్నం. అక్కడి 'రాయ్' పాటల్లో తాగుడు, ప్రేమ, దిగులు, ఏదీ దాచుకోరు. అందుకే మతం పేరున కత్తి పట్టినవాళ్లకి అవంటే మంట. ఖాలెద్ 1980ల్లోనే ఫ్రాన్స్ చేరాడు. అదే ఊరివాడు షెబ్ హస్ని మాత్రం ఊళ్లోనే ఉండి ప్రేమపాటలు పాడుకున్నాడు. 1994 సెప్టెంబర్ 29న అతన్ని ఒరాన్‌లోనే కాల్చి చంపారు. 26 ఏళ్లు. ఆరు నెలలు తిరక్కుండా రాయ్ పాటల నిర్మాత రషీద్ బాబా అహ్మద్‌ని కూడా చంపేశారు. మనం దీదీకి చిందులేస్తున్న రోజుల్లోనే ఇదంతా. ఈ సంగతి తెలిశాక ఆ పాటకి నా కాళ్లు ఆడవని చెప్పను. ఆడతాయి. అది అలాంటి పాట.

ఫైరూజ్ దగ్గరికొస్తాను. ఆమె అసలు పేరు నుహాద్ హద్దాద్, తండ్రి ప్రింటింగ్ ప్రెస్సులో పనివాడు. అస్సీ, మన్సూర్ అనే రహబానీ అన్నదమ్ములు ఆమెకి పాటలు కట్టారు, వాళ్లలో పెద్దవాడు అస్సీని పెళ్లి చేసుకుంది. 1972లో అస్సీకి మెదడులో రక్తస్రావమై ఆసుపత్రిలో పడ్డాడు. ఇంకోపక్క కొత్త సంగీత నాటకం 'అల్ మహత్తా'కి పాటలు కావాలి. అప్పుడు కొడుకు జియాద్ చేసిన ఒక బాణీకి బాబాయి మన్సూర్ మాటలు రాశాడు. నీ గురించి జనం నన్ను అడుగుతున్నారు, మనిద్దరం కలిసి లేకపోవడం ఇదే మొదటిసారి అనే అర్థంలో సాగుతుంది. 'సఆలూనిన్నాస్' అంటారు ఆ పాటని. 1973లో ఫైరూజ్ దాన్ని స్టేజీ ఎక్కి పాడింది. జియాద్‌కి అప్పుడు 17 ఏళ్లు. మంచాన పడ్డ తండ్రి లేని లోటుని తల్లి నోట పలికించిన బాణీ 17 ఏళ్ల కుర్రాడిదంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. ఈ పాట వస్తే మేడమ్ ఫోన్ మాట్లాడుతున్నా సరే ఆపేసి, సౌండు పెంచమని చెయ్యూపేది.

1975 నుంచి 1990 దాకా లెబనాన్లో అంతర్యుద్ధం. రాజధాని బేరూత్ రెండు ముక్కలైంది. ఫైరూజ్ దేశం వదిలిపోలేదు, కానీ ఆ ఏళ్లలో ఆ దేశంలో, 1978లో ఆడిన 'పెట్రా' నాటకం తప్ప, కచేరీ చెయ్యలేదు. ఏ వైపు పాడినా రెండో వైపుకి పరాయిదవుతుంది కదా. బయటి దేశాల్లో పాడింది. యుద్ధం అయ్యాక 1994లో బేరూత్ నడిబొడ్డున, కూలిన మేడల మధ్య మళ్లీ కచేరీ చేసింది. కొడుకు జియాద్ దారి వేరు. జాజ్ కలిపి బాణీలు కట్టాడు, నాటకాలు రాశాడు, యుద్ధాన్నీ నాయకుల్నీ కలిపి వెటకారం చేశాడు. అతని నాటకాల్లో డైలాగులు మేడమ్, వాళ్ల తమ్ముడు అన్నం దగ్గర ఒకరికొకరు అప్పజెప్పుకుని పడీపడీ నవ్వేవాళ్లు. 2025 జులై 26న జియాద్ పోయాడు. అప్పటికి నేను ఇంటికొచ్చేశాను. ఫోన్లో అంత్యక్రియల వీడియో చూశాను. తొంభై ఏళ్ల తల్లి నల్లకళ్లద్దాలు పెట్టుకుని చర్చిలో కూర్చుని ఉంది. మేడమ్‌కి వాట్సాప్‌లో పలకరింపుగా మెసేజ్ పెడితే, నీకు గుర్తుందా అని ఆశ్చర్యపోతూ పెద్ద వాయిస్ పంపింది.

అమ్రు దియాబ్, నాన్సీ అజ్రమ్ లాంటివాళ్ల గురించి ఇక్కడ రాయను. పిల్లలు ఎక్కితే వాళ్ల పాటలే మోగేవి. బాగుంటాయి, అంతే.

2013లో అరబ్ ఐడల్ అనే టీవీ పాటల పోటీ ఫైనల్ రాత్రి మాత్రం ఇల్లంతా టీవీ ముందే. మహమ్మద్ అస్సాఫ్ గాజాలో ఖాన్ యూనిస్ శరణార్థుల క్యాంపులో పెరిగినవాడు, పెళ్లిళ్లలో పాడేవాడు. ఆడిషన్ కైరోలో. గాజా సరిహద్దు దాటడానికే రోజులు పట్టి, హోటల్ చేరేసరికి గేట్లు మూసేశారు. గోడ దూకి లోపలికెళ్లాడు. నంబరు లేదు. అక్కడే కూర్చుని పాడుతుంటే విన్న ఇంకో పాలస్తీనా కుర్రాడు తన నంబరు ఇచ్చేశాడట. అస్సాఫ్ గెలిచాడు. వరసలో నిలబడి, తన పేరు పిలిచే వేళకి ఆ చీటీని పక్కవాడి చేతిలో పెట్టడం ఎంత పనో, వీసా ఇంటర్వ్యూలకి బొంబాయి వెళ్లొచ్చినవాళ్లకి తెలుస్తుంది.

ఇక నాకు అన్నిటికంటే దగ్గరైన పాట కువైట్‌ది కాదు, లెబనాన్‌దీ కాదు. ఈజిప్టు డ్రైవరు ఒకరోజు ఫోన్లో పెట్టాడు, 'యా రాయహ్'. పరదేశం పోయేవాణ్ని ఆపి, ఎక్కడికిరా నీ ప్రయాణం, తిరిగి తిరిగి అలిసిపోయి వెనక్కే వస్తావు అని చెప్పే పాట. రాసి పాడినవాడు అల్జీరియాకి చెందిన దహ్మాన్ ఎల్ హర్రాషీ. ఫ్రాన్స్‌లో మనవాళ్లలాంటి కూలీల మధ్య, వాళ్లు చేరే కాఫీ హోటళ్లలో పాడుతూ బతికాడు. 1980లో పోయాడు. 1990ల్లో రషీద్ తాహా ఆ పాటని మళ్లీ పాడి ప్రపంచమంతా తిప్పాడు. తాహా పదేళ్ల వయసులో అల్జీరియా నుంచి ఫ్రాన్స్ వచ్చినవాడు, లియోన్‌లో ఫ్యాక్టరీలో పనిచేశాడు. తోటి కుర్రాళ్లతో పెట్టిన బ్యాండు పేరు 'కార్త్ ద సెజూర్', అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్ కార్డు. మన రాజోలు కుర్రాళ్లు కువైట్‌లో ఆర్కెస్ట్రా పెట్టి దానికి 'ఆకామా' అని, అంటే గల్ఫ్‌లో ఉండటానికి ఇచ్చే కార్డు పేరు, పెట్టినట్టు. పోలీసు ఆపితే ముందు చూపించాల్సిన ముక్కనే బ్యానరు మీద రాసుకున్నారు. ఆ పొగరు నాకు భలే నచ్చింది.

అప్పటిదాకా అరబ్బులంటే వీసా ఇచ్చేవాళ్లు, జీతమిచ్చేవాళ్లు అనే నా లెక్క. వాళ్లలోనూ వీసా కోసం వరసలో నిలబడ్డవాళ్లు లక్షలమంది ఉన్నారని, వాళ్ల మంచి పాటల్లో చాలామటుకు అలా వెళ్లినవాళ్లవేనని ఈ పాట దగ్గర తెలిసింది. ఇరాక్ గాయకుడు కాజెమ్ అల్ సాహెర్ కూడా అంతే. చిన్నప్పుడు సైకిలు అమ్మి గిటారు కొనుక్కున్నాడట, గల్ఫ్ యుద్ధం తర్వాత దేశం వదిలి పరాయి గడ్డ మీద పేరు తెచ్చుకున్నాడు. 2002లో బీబీసీ వాళ్లు ప్రపంచంలో అందరూ మెచ్చిన పాటేదని ఓట్లు అడిగితే అతని 'అనా వ లైలా' ఆరోది. నాలుగోది ఇళయరాజా పాట, మనం దళపతిలో 'చిలకమ్మా చిటికెయ్యంగా' అని పాడుకున్నదాని తమిళం. ఈ ముక్క చెబితే ఈజిప్టువాడు నమ్మలేదు. పాట వినిపించాక, నాలుగో స్థానం తక్కువేనన్నాడు.

మేడమ్ మామగారిని అందరం బాబా అనేవాళ్లం. ఆయనకి హిందీలో లెక్కపెట్టడం వచ్చు. 1961 దాకా కువైట్‌లో మన రూపాయే చెల్లేదని ఆయన చెబితేనే తెలిసింది. వాళ్ల నాన్న ముత్యాల పడవల్లో మునిగేవాడట. ఆ పడవల్లో పని చెయ్యకుండా పాడటానికే ఒక మనిషి ఉండేవాడు, 'నహ్హామ్' అంటారు. అతను ఎత్తుకుంటే మిగతావాళ్లు కడుపులోంచి మూలిగినట్టు వంత పాడతారు. వాయిద్యాలంటే డోళ్లు, చప్పట్లు, మట్టికుండలు. సీజనుకి ముందు పడవ యజమాని దగ్గర అప్పు తీసుకుని ఎక్కేవాళ్లు. ముత్యాలు దొరక్కపోతే ఆ అప్పు కొడుకు మీదికి వచ్చేది. వీసాకి అప్పు చేసి వెళ్లిన నాకు ఈ భాగం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. 1930ల్లో జపాన్ పెంపుడు ముత్యాలు వచ్చి ఆ పనంతా పడిపోయింది. పాటలు మిగిలాయి. బహ్రెయిన్‌లో వీటిని 'ఫిజిరి' అంటారు, 2021లో యునెస్కో జాబితాలో చేర్చారు. మీ గోదారి మీద పడవవాళ్లు పాడతారా అని బాబా అడిగాడు. కాలవగట్ల మీద తాడు కట్టి పడవ లాగినవాళ్ల హైలెస్సా గురించి చెప్పాను. ఇప్పుడు సఖినేటిపల్లి రేవులో పంటు ఇంజన్ మోతే కదా అన్నది చెప్పలేదు.

సాలెహ్, దావూద్ అనే అన్నదమ్ముల పేర్లు కూడా బాబా దగ్గరే విన్నాను. కువైట్‌లో పుట్టిన యూదు పిల్లలు. మేనమామో చిన్నాన్నో వ్యాపారానికి ఇండియా వెళ్లి వస్తూ ఒకడికి వయొలిన్, ఒకడికి ఊద్ అనే తీగల వాయిద్యం తెచ్చాడు. పెద్దయ్యాక బాగ్దాద్ చేరి ఇరాక్ రేడియోకి వాద్యబృందం తయారుచేశారు, సాలెహ్ బాణీని ఈజిప్టు మహాగాయని ఉమ్మ్ కుల్సూమ్ అంతటావిడ పాడింది. 1951లో ఇజ్రాయెల్ వెళ్లిపోవాల్సి వచ్చింది. అక్కడ వాళ్ల అరబ్బు పాటకి గిరాకీ లేదు, సామాన్ల కొట్టు పెట్టుకున్నారు. ఇరాక్ రేడియో వాళ్ల పాటలు వేస్తూనే పేర్లు మాత్రం తీసేసింది. దావూద్ మనవడు దూదూ తస్సా రాక్ గాయకుడు. 2011లో తాత పాటల్ని గిటార్లతో కలిపి ఆల్బమ్ చేశాడు, బృందానికి 'కువైటీలు' అనే పేరే పెట్టాడు. 2017లో అమెరికాలో రేడియోహెడ్ అనే ఇంగ్లండు రాక్ బృందం కచేరీలకి ముందు ఆ పాటలు మోగాయి.

ఇప్పుడు రాజోలు, అమలాపురం మధ్య సొంత బండి తోలుతున్నాను, రేడియో నాదే. ఎక్కినవాళ్లు మాత్రం, బాబాయ్, ఆ నమాజు పాటలు ఆపి చిరంజీవివి పెట్టు అంటారు. అవి నమాజు పాటలు కావని ఓపికున్నప్పుడు చెబుతాను, లేనప్పుడు చిరంజీవివి పెడతాను. మీరు మొదలుపెట్టాలనుకుంటే 'యా రాయహ్' తాహాది ముందు వినండి, తర్వాత హర్రాషీది. ఫైరూజ్‌కి తొందరేం లేదు. సముద్రం పాటలు మాత్రం ఫోన్ స్పీకర్లో వినొద్దు, ఆ వంత మూలుగు అందులో అస్సలు వినబడదు.