హాలు ఎంత ఉంటే అంతే కనిపించాలి

గురువారం. రాత్రి పదకొండు దాటింది. అమ్మ పడుకుంది. నాన్న ముందు గదిలో ఇంకా పేపరు తిరగేస్తున్నాడు. ఈరోజు జరిగింది రాసిపెట్టుకోకపోతే రేపటికి సగం మర్చిపోతాను.

పొద్దున్నుంచీ వాన. హబ్సిగూడ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో రానూపోనూ రెండు గంటలు ఎందుకని ఇంటి నుంచే పని చేస్తానని మెసేజ్ పెట్టాను. మూడు వారాలుగా చేస్తున్నది ఒక అపార్ట్‌మెంట్ నమూనా. తెల్లాపూర్ వైపు రాబోతున్న ఫ్లాట్లు అవి. ఇంకా పునాదులే పడలేదు. కొనేవాళ్లు ఫోన్‌లోనో లాప్‌టాప్‌లోనో తెరిచి, తొమ్మిదో అంతస్తులో తమ హాల్లో నిలబడి చూసినట్టు చూసుకోవాలి. బ్రౌజర్‌లోనే త్రీడీ బొమ్మలు చూపించే జావాస్క్రిప్ట్ లైబ్రరీ త్రీజేఎస్‌లో చేస్తున్నాం. గోడలు, సామాను, వెలుతురు మిగతావాళ్లు చూస్తారు. నా వంతు కెమెరా.

కెమెరా అంటే పైకి నాలుగు అంకెలే. చూపు ఎంత వెడల్పుగా విచ్చుకోవాలో చెప్పే ఫీల్డ్ ఆఫ్ వ్యూ, తెర వెడల్పుకీ ఎత్తుకీ ఉన్న నిష్పత్తి, ఎంత దగ్గర నుంచి కనపడాలో చెప్పే నియర్, ఎంత దూరం దాకా కనపడాలో చెప్పే ఫార్. ఏమీ ఇవ్వకపోతే త్రీజేఎస్ తనంతట తాను 50, 1, 0.1, 2000 పెట్టుకుంటుంది. చాలామంది ఏదో ఒక ఉదాహరణ నుంచి ఈ అంకెలు తెచ్చి అతికించి మర్చిపోతారు. మా ప్రాజెక్టులోనూ అలాగే వచ్చాయి: 75, 0.01, 2000. ఎవరు పెట్టారో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. మూడు వారాలు వాటి మీదే కట్టుకుంటూ వచ్చాం.

పదింటికి మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఫోన్ చేశాడు. "అక్కా, బాల్కనీలోంచి చూస్తే కింద రోడ్డు మీద జీబ్రా చారలు మిణుకుమిణుకుమంటున్నాయి. కెమెరా కొంచెం కదిపితే చాలు, చారలు పోయి రోడ్డు వస్తుంది, మళ్లీ చారలు వస్తాయి." ఫార్‌ని 2000 నుంచి 500కి తగ్గించి చూశాడట, ఏమీ మారలేదు. మారదు. తప్పు ఆ చివర కాదు, ఈ చివర ఉంది. అతనికి ఫోన్‌లోనే లెక్క వేసి చూపించాను, ఇక్కడా రాసుకుంటాను.

ఏ వస్తువు ముందుందో ఏది వెనకుందో తేల్చడానికి గ్రాఫిక్స్ కార్డు ప్రతి పిక్సెల్‌కీ ఒక లోతు అంకె దాచుకుంటుంది. 24 బిట్ల డెప్త్ బఫర్ అయితే 1,67,77,216 మెట్లు. చాలా ఎక్కువ అనిపిస్తుంది. కానీ ఆ మెట్లు సమానంగా ఉండవు. దూరంగా ఉన్నది చిన్నగా కనిపించాలంటే అడ్డాన్నీ నిలువునీ లోతుతో భాగించాలి, పర్‌స్పెక్టివ్ అంటేనే ఆ భాగహారం. అదే భాగహారం లోతు అంకెకీ తగులుతుంది. అందువల్ల మెట్లన్నీ కంటి దగ్గర కిక్కిరిసిపోతాయి, దూరం పోయేకొద్దీ పలచబడతాయి. నియర్ 0.01 మీటరు, అంటే ఒక సెంటీమీటరు పెడితే, మొత్తం మెట్లలో సగం ఒక సెంటీమీటరుకీ రెండు సెంటీమీటర్లకీ మధ్యే ఖర్చయిపోతాయి. ఆ జాగాలో ఏముంటుంది? ఏమీ ఉండదు. ముక్కు ముందు గాలి.

ఫలానా దూరంలో ఒక మెట్టు ఎంత మందం ఉంటుందో తెలియాలంటే, దూరాన్ని దూరంతోనే హెచ్చవేసి, దాన్ని నియర్‌తోనూ మెట్ల సంఖ్యతోనూ భాగించాలి. రోడ్డు మా కెమెరా నుంచి దాదాపు 150 మీటర్లు. నియర్ 0.01 అయితే అక్కడ ఒక్కో మెట్టు 13 సెంటీమీటర్లు. చారలు రోడ్డు కంటే 2 సెంటీమీటర్లే ఎత్తులో పెట్టాం. రెండూ ఒకే మెట్టు మీద పడి కొట్టుకుంటున్నాయి. నియర్‌ని 0.1 చేస్తే మెట్టు 1.3 సెంటీమీటర్లకి దిగుతుంది. 1 చేస్తే 1.3 మిల్లీమీటర్లే. ఆ లెక్కలో ఫార్ అసలు కనపడదు, చూశావా అన్నాను. అవతల కొంచెంసేపు చప్పుడు లేదు. "అంటే దగ్గరివేవీ కట్ కాకూడదని జాగ్రత్తపడి, దూరానివి పాడు చేసుకున్నామా అక్కా?" అన్నాడు. ఇంత బాగా నేను చెప్పలేకపోయేదాన్ని.

అక్కడితో అయిపోతే ఈ రాత్రి ఇంతసేపు కూర్చునేదాన్ని కాదు.

మధ్యాహ్నం భోజనం చేసి, లాప్‌టాప్‌ని డైనింగ్ టేబుల్ మీదే పెట్టుకుని హాలు బొమ్మ చూస్తున్నాను. నాన్న మజ్జిగ గ్లాసు పట్టుకుని వెనకొచ్చి నిలబడ్డాడు.

"ఎంత హాలు బిడ్డా ఇది?"

"పదకొండు పద్నాలుగు నాన్నా. మన హాలంతే."

"మన హాలంతా? నాకు ఇరవై అడుగుల పైన కనపడుతుంది." గ్లాసు కింద పెట్టి, కళ్లజోడు సవరించుకుని మళ్లీ చూశాడు. "స్టేషన్ పాయింట్ ఎక్కడ పెట్టినవ్?"

నాన్న ఇరిగేషన్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఎర్రమంజిల్ జలసౌధలోనే ఎక్కువ ఏళ్లు గడిచాయి. నేను రోజూ "కెమెరా పొజిషన్" అని టైప్ చేసేదాన్ని ఆయన పెన్సిల్‌తో, టీ-స్క్వేర్‌తో, స్టేషన్ పాయింట్ అన్న పేరుతో గీశాడని నాకు తెలుసు. తెలిసి కూడా ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. అది తలుచుకుంటే ఇప్పుడు బాధగా ఉంది.

ఆయన అన్నమాట నిజమే. 75 అన్నది నిలువు కోణం. అడ్డంగా ఎంతో నేను ఎప్పుడూ లెక్క వేసుకోలేదు. 16:9 తెర మీద అది 107 డిగ్రీలకి పైనే. అంత విచ్చుకున్న చూపులో, 4.2 మీటర్ల దూరంలో ఉన్న 3.3 మీటర్ల ఎదురు గోడ తెర వెడల్పులో మూడో వంతు కూడా రాదు, 29 శాతం. గోడ చిన్నగా కనపడితే కన్ను దాన్ని దూరంగా ఉందనుకుంటుంది. హాలు పొడవు అలా పెరిగింది. కెమెరా ఎత్తు కూడా ఒక మీటరే పెట్టి ఉంది. కూర్చున్న పిల్లాడి కంటి ఎత్తు అది. అక్కడి నుంచి చూస్తే పైకప్పు ఎంత ఎత్తున ఉన్నట్టుంటుందో చెప్పక్కర్లేదు.

నాకు వెంటనే మా పిన్ని గుర్తొచ్చింది. నాలుగేళ్ల కింద ఇలాంటి బొమ్మలు చూసే ఫ్లాట్‌కి అడ్వాన్స్ కట్టింది. తాళాలు చేతికొచ్చిన రోజు అందరం వెళ్లాం. హాల్లో అడుగుపెట్టి పిన్ని ఏమీ మాట్లాడలేదు. సోఫా ఎక్కడ వేస్తారని బాబాయి అడిగితే రెండు గోడలకీ మార్చి మార్చి చూసింది. చివరికి డైనింగ్ టేబుల్ మా ఇంటికొచ్చింది. నేను లాప్‌టాప్ పెట్టుకున్న టేబుల్ అదే. కాగితం మీద రాసిన చదరపు అడుగులు అక్షరాలా నిజమే, ఎవరినీ ఏమీ అనడానికి లేదు. కానీ పిన్ని చదరపు అడుగులు చూసి కొనలేదు, బొమ్మ చూసి కొంది. అలాంటి బొమ్మని ఇప్పుడు నా చేతులతో నేనే తయారు చేస్తున్నాను. మజ్జిగ గొంతు దిగలేదు.

నాన్న అల్మారా పైనుంచి డ్రాయింగ్ బోర్డు దింపించాడు. గుండుసూదుల డబ్బా అందులోనే ఉంది. ఒక సూది గుచ్చి, దానికి దారం కట్టి, ఇది కన్ను అన్నాడు. మధ్యలో అగ్గిపెట్టె లోపలి అరని నిలబెట్టి, అడుగు తీసేసి, ఇది పిక్చర్ ప్లేన్, బొమ్మ పడే తలం అన్నాడు. దారాన్ని ఆ చట్రంలోంచి లాగి అవతల పెన్సిల్ మొనకి తాకించి, దారం చట్రాన్ని ఎక్కడ దాటిందో చూడమన్నాడు. సరూప త్రిభుజాలు, అంతే. 1525లో ఆల్బ్రెక్ట్ డ్యూరర్ అచ్చు వేసిన బొమ్మలో కూడా ఇదే ఉంటుంది: గోడకి ఒక మేకు, మేకు నుంచి దారం, ఒక చట్రంలోంచి వెళ్లి బల్ల మీద వీణలాంటి వాయిద్యాన్ని తాకుతుంది. ఆ మేకే కన్ను. నేను ఆ బొమ్మని లాప్‌టాప్‌లో తీసి చూపిస్తే నాన్న చాలాసేపు దాన్నే చూశాడు. "మేం కూడా వానిషింగ్ పాయింట్ బోర్డు దాటిపోతే పక్క బల్లకి మేకు కొట్టి దారం కట్టేటోళ్లం" అన్నాడు. దూరం పోయే సమాంతర గీతలు బొమ్మలో కలిసే చోటే వానిషింగ్ పాయింట్.

కోణం ఎంత పెట్టుకునేవాళ్లని అడిగాను. ముప్ఫై డిగ్రీలు. బొమ్మ ఈ అంచు నుంచి ఆ అంచుకి కంటి దగ్గర ముప్ఫై డిగ్రీలు వచ్చేటంత దూరంలో నిలబడాలి. అంతకు మించితే అంచులు సాగుతాయి, సార్ ఒప్పుకోడు.

టేపు తెచ్చి నా లాప్‌టాప్ కొలిచాను. తెర వెడల్పు 34.5 సెంటీమీటర్లు. నా కంటి నుంచి తెరకి 55. అంటే నా కంటికి తెర అడ్డంగా 35 డిగ్రీలు. నాన్న ముప్ఫై, నా టేపు ముప్ఫై ఐదు! తెర ఒక కిటికీ అయితే, ఆ కిటికీలోంచి నిజంగా కనపడాల్సింది అంతే. మేం ఆ చిన్న కిటికీలో 107 డిగ్రీలు కుక్కాం.

చిక్కు ఏమిటంటే, హాల్లో నిలబడి 35 డిగ్రీలు చూస్తే ఎదురు గోడలో ఒక ముక్క, సోఫాలో ఒక మూల కనపడతాయి. హాలు కనపడదు. వెనక్కి జరగాలంటే వెనక గోడ ఉంది. ఇదే చెప్పాను. నాన్నకి నా ప్రశ్నే అర్థం కాలేదు. "గోడ ఉంటే ఏమాయె? గోడ అవతల నిలబడు. ఆ గోడ గీయకు."

నిజమే కదా! గోడ గీయకుండా ఉండటానికి నా దగ్గర నియర్ ఉంది. పొద్దున ఆ కుర్రాడికి గంటసేపు చెప్పింది దాని గురించే. నియర్ కంటే దగ్గరున్నదేదీ గీయబడదు. దాన్ని నేను ఇన్నాళ్లూ వస్తువులు పొరపాటున కోసుకుపోయే అంచుగానే చూశాను, కావాలని గోడ కోసే కత్తిగా ఎప్పుడూ చూడలేదు.

కెమెరాని వెనక గోడ లోపలి ముఖం నుంచి రెండు మీటర్లు వెనక్కి తెచ్చాను. తొమ్మిదంగుళాల గోడ, దాని వెనక గాల్లో కెమెరా. నియర్ 2.05. ఎత్తు మీటరున్నర, చూపు నేలకి సమాంతరంగా, పైకీ కిందకీ వంచకుండా. ఫీల్డ్ ఆఫ్ వ్యూ మార్చాను, తెర మీద ఏమీ మారలేదు. అరగంట తల పట్టుకున్నాక గుర్తొచ్చింది, ఈ అంకెల్లో ఏది మార్చినా అప్‌డేట్ ప్రొజెక్షన్ మ్యాట్రిక్స్ అనే ఫంక్షన్‌ని పిలవాలి, లేకపోతే పాత అంకెలతో కట్టిన లెక్కే నడుస్తుంది.

మొదట నిలువు కోణం 20 పెట్టి చూశాను, అడ్డంగా దాదాపు 35 వస్తుంది కాబట్టి. కెమెరాని ఇంకో రెండు మీటర్లు వెనక్కి జరపాల్సి వచ్చింది. ఎదురు గోడ నేల నుంచి పైకప్పు దాకా తెరంతా నిండిపోయింది, పక్క గోడలు సన్నటి పట్టీలయ్యాయి. కొలత నిజమే కానీ గది గదిలా లేదు, గోడకి వేలాడదీసిన పటంలా ఉంది. కెమెరాని మళ్లీ ఆ మొదటి రెండు మీటర్ల దగ్గరికే తెచ్చి, 35కి వచ్చి ఆగాను, అడ్డంగా 58. ఎదురు గోడ తెరలో 47 శాతం. మా హాలు గుమ్మం అవతల వరండాలో కుర్చీ వేసుకుని, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, ఒకసారి తెర, ఒకసారి హాలు చూశాను. అచ్చు గుద్దినట్టు కాదు. కానీ ఈ గదే అని నమ్మొచ్చు. సోఫా ఎక్కడ పడుతుందో తెలుస్తోంది.

బాల్కనీ అద్దంలోంచి దూరంగా రోడ్డు కనపడుతోంది. చారలు కదలకుండా ఉన్నాయి. నియర్ రెండు మీటర్లు దాటింది కాబట్టి అక్కడ మెట్టు ఇప్పుడు మిల్లీమీటరు కూడా లేదు.

ఈ ఏర్పాటు మొదటి చూపుకే. కెమెరా పక్కకి తిరిగితే నియర్ గోడని ఏటవాలుగా కోస్తుంది, ఒక మూల బయటపడుతుంది. అందుకని ఎటూ కొన్ని డిగ్రీలకి మించి తిరగనివ్వకుండా కట్టాను. మనిషి లోపలికి నడిచినప్పుడు కోణం 50కి, నియర్ 0.1కి మారుతుంది, అప్పుడు చారలు కొట్టుకోకుండా లోతు లెక్కలో వాటిని కాస్త ముందుకి జరిపే పాలిగాన్ ఆఫ్‌సెట్ ఇచ్చాను.

సాయంత్రం పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి మా లీడ్‌కి పంపాను. మొహమాటపడకుండా రాశాను, పాత బొమ్మ కొనేవాళ్లకి లేని జాగా చూపిస్తోందని, కొత్తది వెళ్లాలని. "వాళ్లు విశాలంగా కావాలన్నారు కదమ్మా, సోమవారం మాట్లాడదాం" అన్నారు. సోమవారం ఆఫీసుకి టేపు తీసుకెళ్తాను. మీటింగ్ రూమ్‌నే కొలిచి రెండు కెమెరాల్లోనూ చూపిస్తాను.

ఇక ఫోన్ సంగతి మిగిలింది. నిలువుగా పట్టుకుంటే ఇదే 35కి అడ్డంగా పదహారున్నర డిగ్రీలే వస్తోంది, కిటికీ సందులోంచి చూసినట్టుంది. అడ్డం కోణాన్ని 58 దగ్గరే పట్టి ఉంచితే నిలువు నూరు దాటిపోతోంది. మధ్యలో ఎక్కడ ఆగాలో తేలలేదు. డ్రాయింగ్ బోర్డు నాన్న మళ్లీ అల్మారా మీద పెట్టలేదు, టేబుల్ పక్కనే గోడకి ఆనించి ఉంచాడు.